ఆఖరి బకెట్టు

వేడినీళ్ళు పోయిన రోజు ఆమె వంటగదిలో కూతురి టిఫిను డబ్బాకి మూత బిగిస్తోంది. స్నానాల గదిలోంచి భర్త గొంతు వినబడింది.

"ఏమోయ్, నీళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. నిన్నటిదాకా లక్షణంగా వచ్చాయి కదా, ఇవాళ దీనికేం మాయరోగం?"

ఒంటినిండా నురగతో తలుపు సందులోంచి తల బయటపెట్టి అడుగుతున్నాడు. ఆమె పనిచేసేది సోలార్ వేడినీళ్ళ టాంకులు తయారుచేసే కంపెనీలో. అందువల్ల ఆ ఇంట్లో సూర్యుడు ఏ తప్పు చేసినా సంజాయిషీ ఆమే ఇచ్చుకోవాలి. పొయ్యి మీద గిన్నెడు నీళ్ళు కాచి, తలుపు దగ్గర పెట్టి, మేడ మీదికి పరుగెత్తింది. టాంకు అడుగున తుప్పు తినేసి చిల్లు పడింది. ఎర్రటి నీళ్ళు గోడ వెంట జారిపోతున్నాయి.

ఆ దృశ్యం ఆమెకి కొత్త కాదు. ఖాతాదారులు పంపే ఫోటోల్లో రోజూ చూస్తున్నదే. కంపెనీ టెస్టింగు షెడ్డులో ఇంజనీరుగా ఆమె తలపట్టుకు కూర్చున్నది కూడా దాని గురించే. నిండు నూరేళ్ళు బతకాల్సిన టాంకులు నడివయసులోనే పోతున్నాయి. టాంకు లోపల ఒక మెగ్నీషియం కడ్డీ వేలాడుతుంది. తుప్పు ముందు దాన్ని తింటుంది. కడ్డీ ఉన్నంతకాలం టాంకు గోడల జోలికి రాదు. కడ్డీ అరిగిందని ముందే తెలిస్తే మూత తీసి, పేరుకున్న సున్నపు పెచ్చులు గోకి, కొత్త కడ్డీ వేయొచ్చు. కానీ తెలియడం ఎలా? ఏ ఇంటికి ఫోను చేసినా ఒకటే మాట. నిన్నటిదాకా బాగానే ఉందండీ. ఆమె పై అధికారికి షెడ్డులో అందరూ పెట్టిన పేరు మీటరు. ఏం చెప్పినా 'కొలిచారా?' అని అడుగుతాడు కనుక. ఏ సూచనా ఇవ్వకుండా చెడిపోయే వస్తువుని ఎవరం బాగుచేస్తామని ఆయన కూడా చేతులెత్తేశాడు. ఇక గ్యారంటీ కాలాన్ని సగానికి కోసేసి, షెడ్డు మూసేసి, ఆమెని అమ్మకాల కౌంటరులో కూర్చోబెట్టాలని పైవాళ్ళ ఆలోచన. "మీరు నవ్వుతూ మాట్లాడతారు, కౌంటరుకి కళ వస్తుంది" అని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా. ఇంజనీరింగు చదివింది కౌంటరుకి కళ తేవడానికని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

భర్త తర్వాత అత్తగారు, అత్తగారి తర్వాత కూతురు. ముగ్గురికీ పొయ్యి మీద కాచి మోసుకెళ్ళేసరికి ఆఫీసు టైము అయిపోవచ్చింది. తన వంతుకి కాచుకునే తీరిక లేదు. కుళాయి తిప్పి, చెంబు ముంచి, భుజం మీద పోసుకుంది. ఒళ్ళు జలదరించింది, కానీ ఉలిక్కిపడలేదు. అలవాటైన చలే అది. రెండో చెంబు ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నిన్న కూడా ఇంతే చల్లగా ఉన్నాయి కదా. మొన్న కూడా. ఎప్పటినుంచి? ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆఖరి బకెట్టులోంచి కూడా పొగలు లేచేవి. తర్వాత గోరువెచ్చనయ్యాయి. ఆ తర్వాత అదీ పోయింది. ఒకసారి భర్తతో అంటే, "ఇంజనీరువి నువ్వు, నన్నడుగుతావేంటి" అని నవ్వాడు. అత్తగారు, "ఆఖర్న చేసేవాళ్ళకి ఆఖరి నీళ్ళే వస్తాయమ్మాయ్. నా కాపురమంతా అట్లాగే గడిచింది" అన్నారు. సరే కాబోలు అనుకుంది. షెడ్డులో అర డిగ్రీ తేడా వస్తే అన్నం సయించని మనిషి, ఇంట్లో ఏళ్ళ తరబడి చన్నీళ్ళు పోసుకుంటూ ఇది కోడలి వాటా అనుకుందే తప్ప, టాంకు తనతో ఏదో చెబుతోందని అనుకోలేదు.

టాంకులో వేడినీళ్ళు పైకి తేలతాయి, చన్నీళ్ళు అడుగున చేరతాయి. కడ్డీ అరిగే ఆ ఏళ్ళలోనే అడుగున సున్నపు పెచ్చులూ పేరుకుంటాయి, అవి కట్టేకొద్దీ వేడి పొర పలచబడుతుంది. అయినా ముందు తోడుకునేవాళ్ళకి తేడా ఏమీ తెలియదు. పై నీళ్ళు వాళ్ళవే. షెడ్డులో థర్మామీటరు ఎక్కడుంది? టాంకు పైభాగాన. ఇంటి యజమానిలా అదీ మొదటి నీళ్ళే చూసి, అంతా సవ్యంగా ఉందని రోజూ చెబుతోంది. ఆమెకి నవ్వు ఆగలేదు. చలికి పళ్ళు టకటక కొట్టుకుంటున్నా నవ్వుతూనే ఉంది.

బయటినుంచి అత్తగారు అడిగారు. "అమ్మాయ్, చన్నీళ్ళకి నవ్వొస్తోందా నీకు?"

ఆఫీసుకి వెళ్ళగానే, చీర కొంగుకి తడి ఆరకుండానే, ఫిర్యాదుల ఫోను ముందు కూర్చుంది. మొదటాయన ఎప్పటి పాటే పాడాడు, నిన్నటిదాకా బాగానే ఉందని.

"మీ ఇంట్లో ఆఖర్న స్నానం చేసేది ఎవరండీ?"

"మా ఆవిడ. ఎందుకు?"

"ఒకసారి ఆవిడకి ఫోనివ్వండి."

"తనకి వీటి గురించి ఏం తెలీదండీ."

"స్నానం చేస్తారు కదా, చాలు."

ఆవిడ వచ్చింది. నీళ్ళు ఎప్పుడు చల్లబడ్డాయని అడిగితే గొంతు తగ్గించి, "పాప బడిలో చేరిన ఏడాది నుంచే తగ్గాయండీ. ఇప్పుడు అది మూడో తరగతి" అంది.

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే పెందరాళే లేచి చేసుకోమంటారు. లేచి స్నానానికి వెళ్తే వంటెవరు చేస్తారు?"

ఆమె మరో ఇంటికి చేసింది, ఇంకో ఇంటికి చేసింది. తల్లి, కోడలు, పెళ్ళికాని ఆడపడుచు. ఒక ఇంట్లో మాత్రం మంచం దిగలేని మామగారు. ప్రతి ఇంట్లోనూ ఒకరికి ముందే తెలుసు. అందరికన్నా ఆఖర్న ఉన్నవాళ్ళకి అందరికన్నా ముందు తెలుసు. ఫోను పెట్టేసి, పై అధికారి మీటరు గదిలోకి ఇంచుమించు పరుగెత్తింది.

ఆయన అంతా విని, "ఇది ఇంజనీరింగా, కాపురాల గొడవా?" అన్నాడు.

"రెండూనండీ. ఇంకా ఫిర్యాదు రాకుండా, యజమాని బాగుందంటున్న ఇళ్ళకే వెళ్దాం. ఆఖరివాళ్ళు చల్లబడిందన్న టాంకుల మూతలు తీయండి. కడ్డీలు బాగుంటే రేపే కౌంటరులో కూర్చుంటాను."

తీశారు. ఏ టాంకు విప్పినా కడ్డీ పుల్లలా అరిగి ఉంది, అడుగున తెల్లటి పెచ్చులు. గోడలకి మాత్రం ఇంకా తుప్పు పట్టలేదు. కడ్డీ మారిస్తే చాలు, ఆ టాంకులు బతుకుతాయి. మీటరు చాలాసేపు లోపలికి చూస్తూ నిలబడ్డాడు. కొలిచారా అని అడగలేదు.

"రెండో థర్మామీటరు ఎక్కడ పెట్టాలంటావమ్మా?"

"ఆఖరి బకెట్టు నీళ్ళు ఎక్కడుంటాయో అక్కడ."

"మా ఇంట్లో మొదటి స్నానం నాదే" అన్నాడాయన, చేతులు తుడుచుకుంటూ. "ఇవాళ వెళ్ళి అడగాలి."

షెడ్డు మూయడం లేదని చెప్పిన సాయంత్రం ఆమె ఇంటికి ఎలా చేరిందో ఆమెకే తెలియదు. భోజనాల దగ్గర ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పింది. భర్త ముద్ద కలుపుకుంటూ, "చూశావా, ఆ రోజు నేను కేకేయబట్టే కదా కనిపెట్టావు" అన్నాడు. ఆ మాటకి కూడా ఆమెకి కోపం రాలేదు. అంత సంతోషంగా ఉంది.

అప్పుడు కూతురు కంచంలోంచి తల ఎత్తకుండా అంది. "నాకు పోయిన వేసవి నుంచే చల్లగా వస్తున్నాయమ్మా."

"మరి చెప్పలేదేమే?"

"నా తర్వాత నువ్వు చేస్తావుగా. నీకింకా చల్లగా ఉంటాయిగా. నువ్వేమీ అనట్లేదని."

ఆమె గరిటె కింద పెట్టింది. నీళ్ళ చలి ఆఖరివాళ్ళతో మొదలై, వరుసలో ఒక్కొక్కరినీ దాటుకుంటూ పైకి ఎక్కుతోందనే ఆమె ఇప్పటిదాకా లెక్కవేసింది. చెప్పకుండా ఊరుకోవడం అత్తగారి నుంచి తనకీ, తన నుంచి కూతురికీ కిందికి దిగుతోందని లెక్కవేయలేదు.

కొత్త టాంకు బిగించిన రోజు, భర్త బయటికి వెళ్ళాక, ముగ్గురూ వంటగదిలో కూర్చుని మాట్లాడుకున్నారు. వారానికొకరు ముందు, వారానికొకరు ఆఖరు. కూతురు అక్కడికక్కడే వేళ్ళ మీద వంతులు లెక్కబెట్టింది. అత్తగారు, "పొగలు కక్కే నీళ్ళలో మొదటి చెంబు... ఎలా ఉంటుందో చూస్తాను" అన్నారు. ఆ వెంటనే, "మరి వాడో?" అని అడిగారు.

"ఆయనకీ వంతు వస్తుంది అత్తయ్యా."

వచ్చే వారం మొదటి స్నానం అత్తగారిది, ఆఖరి స్నానం భర్తది. ఆ సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు.