మంగళవారం సముద్రం

మా సుబ్బరాయుడు మామ ఏ పని చేసినా శాస్త్రం ప్రకారమే చేస్తాడు. శాస్త్రమంటే ఆయన చదివిందేమీ కాదు, ఆయన స్నేహితుడు, కురబలకోట ఊరి రెడ్డెప్ప చెప్పిందే శాస్త్రం. పుంగనూరు బజారు వీధిలో మామకు బట్టల అంగడి ఉంది. మంగళవారం కొత్త బట్ట కొనడానికి ఎవరూ రారు కాబట్టి ఆ రోజు అంగడికి సెలవు. సెలవు మంగళవారమే కాబట్టి సముద్రం చూడటానికీ మంగళవారమే పోవాలి. మరి మంగళవారం ప్రయాణం కూడదు కదా అంటే, దానికి రెడ్డెప్ప దగ్గర మందు ఉంది. సోమవారం సాయంత్రమే ఒక సంచిలో తువ్వాలు, చొక్కా పెట్టి పక్కింట్లో ఉంచేస్తే ప్రయాణం సోమవారమే మొదలైనట్టు లెక్క. అలా మా సంచి సోమవారం బయలుదేరింది. మేము మంగళవారం కోడి కూయకముందే చలికి వణుకుతూ సుమో ఎక్కాం.

అది తొంభై తొమ్మిది డిసెంబరు. రెండు వేల సంవత్సరం రాగానే యుగాంతమని ఊరంతా ఒకటే పుకారు. అది జరిగేలోగా సముద్రం చూసేయాలని మగవాళ్ళకు తోచింది. సముద్రం పక్కనే కొత్త రోడ్డు పడిందట, పొద్దున మహాబలిపురం, మధ్యాహ్నం సద్రాస్, సాయంత్రం పాండిచ్చేరి చూసుకుని ఒక్క రోజులో తిరిగి రావచ్చట. పాండిచ్చేరి పేరు చెప్పినప్పుడు మగవాళ్ళ ముఖాలు ఎందుకు వెలిగాయో నాకు తెలుసు, అక్కడ బ్రాందీ చవక. మొత్తం ఆరుగురం. మామ, ఆయన భార్య అయిన మా మేనత్త యశోదమ్మ, రెడ్డెప్ప, ఆయన భార్య అన్నపూర్ణమ్మ, మదనపల్లెలో టమోటా మండీ నడిపే గంగులప్ప, నేను. ప్రయాణంలో ఆడవాళ్ళకు కడుపులో తిప్పుతుందని గంగులప్ప తన భార్యను ఇంట్లోనే వదిలి, ఆమె సీట్లో కెమెరా పెట్టుకుని వచ్చాడు. సుమో తోలే వెంకటేషుది కుప్పం. అరవం, కన్నడం రెండూ వచ్చినవాడు.

వీళ్ళలో సముద్రం నిజంగా కావలసింది మా అత్త ఒక్కదానికే. మామ సరుకు కోసం మద్రాసు పోయి వచ్చినప్పుడల్లా ఆయన ప్యాంటు మడతల్లో ఇసుక ఉండేది. ఉతికే ముందు ఆ ఇసుక దులపడం అత్త పని. "రైలుకు టైముంటే బీచిలో కాసేపు కూసున్నా" అనేవాడు ఆయన. తననూ తీసుకుపొమ్మని అత్త పెళ్ళయిన కొత్తలోనే అడిగిందట. పిల్లలు పుట్టనీ అన్నాడు, పిల్లలు పెద్దవాళ్ళు కానీ అన్నాడు, అంగడి పెద్దది చెయ్యనీ అన్నాడు. అన్నీ అయ్యాయి. అత్తకు యాభై దాటాయి. మా వైపు బోరు వేస్తే దుమ్ము లేస్తుంది. వీధిలోకి ట్యాంకర్ వస్తే బిందెల వరస దగ్గర జుట్లు పట్టుకుంటారు. ఒకసారి అలా బిందె దించుకుంటూ అత్త నాతో అంది. "ఎవురూ కొలిచి పొయ్యని నీళ్ళల్లో ఒక్కసారి నిలబడాల భార్గవీ. నాకు ఇంకేం వద్దు."

అందుకే ఆ రోజు అందరూ పెళ్ళికి పోయినట్టు తయారైతే, అత్త మాత్రం వెలిసిన నేత చీర కట్టుకుని వచ్చింది. మామకు తల కొట్టేసినట్టయింది.

"బట్టలంగడోని పెండ్లాము ఈ గుడ్డ సుట్టుకోని వస్తే నా మర్యాద ఏం గావాల?"

"తడిసే గుడ్డే గదా" అంది అత్త.

మొగిలి ఘాట్ దిగి, రాయవేలూరు దాటి, కాంచీపురంలో ఇడ్లీ తినేదాకా బాగానే ఉంది. చెయ్యి కడుక్కుని వచ్చిన రెడ్డెప్ప జేబులోంచి పంచాంగం తీసి, కళ్ళద్దాలు సర్దుకుని, అప్పుడు చెప్పాడు. మంగళ, శుక్రవారాల్లో సముద్రాన్ని చూడవచ్చు కానీ తాకకూడదట.

"ఈ మాట ముందే యాల చెప్పలేదప్పా?" అన్నాడు గంగులప్ప.

"మీరు ప్రయాణం గురించి అడిగినారు. సముద్రం గురించి అడిగినారా?"

అత్త వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాకు మాత్రం రెడ్డెప్పను పంచాంగంతో సహా అక్కడే దింపేసి పోదామనిపించింది. ఒళ్ళు మండిపోయింది. కానీ ఆయన పెద్దమనిషి, నేను మదనపల్లెలో డిగ్రీ చదివే పిల్లను. పెద్దల ముందు నోరు ఎత్తితే చదువు తలకెక్కింది అంటారు.

"బెస్తోళ్ళు దినామూ దిగుతారే స్వామీ, వాళ్ళకేం గాదా?" అని స్టీరింగు దగ్గర నుంచి అడిగాడు వెంకటేషు.

"వాళ్ళది వృత్తి. వృత్తికి దోషం లేదు."

"మరి మంగళారం కూట్లోకి ఉప్పు ఏసుకుంటాండామే, అదీ సముద్రంలోదే గదా" అన్నాడు గంగులప్ప.

రెడ్డెప్ప ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "నీళ్ళుగా ఉండేంతవరకే సముద్రం. ఎండినాక అది సరుకు."

సరుకు అన్నాక వ్యాపారస్తులకు ఇక అనుమానం ఏముంటుంది. అందరూ తలలు ఊపారు. చెంగల్పట్టు దాటేదాకా ఆ మాటకే మెచ్చుకుంటూ పోయారు.

మహాబలిపురంలో రాతి గుళ్ళు చూశామనిపించుకుని ఒడ్డుకు పోయాం. నేనూ చూడటం అదే మొదటిసారి. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది, కళ్ళ నిండా నీళ్ళు. మామ మాత్రం తన సొంత పొలం చూపిస్తున్నట్టు "సూడండి, ఎట్లుండాది" అని చేయి చాపి చూపించాడు.

గంగులప్ప ఫోటోకని సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఇంతలో ఒక అల వచ్చి ఆయన పిక్కల దాకా తడిపి పోయింది. అందరూ రెడ్డెప్ప ముఖం చూశారు. రెడ్డెప్ప ఆలోచించాడు.

"నువ్వు పోయి తాకలేదు. అదొచ్చి తాకింది. దోషం లేదు."

ఆ తీర్పు వచ్చిన తర్వాత మగవాళ్ళు ముగ్గురూ ప్యాంట్లు, పంచెలు పైకి మడుచుకుని, అల ఎక్కడిదాకా వస్తుందో అక్కడికి పోయి, దానికి వీపు పెట్టి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డారు. అత్త కూడా చెప్పులు విడిచి వాళ్ళ పక్కకు పోయి నిలబడింది.

"ఆడోళ్ళకు అది చెల్లదమ్మా" అన్నాడు రెడ్డెప్ప. "ఆడోళ్ళ శాస్త్రం వేరే."

"సెప్తాంటే అర్థం గాదా మే, ఎనక్కి పో" అన్నాడు మామ.

అత్త వెనక్కి వచ్చింది. ఆమె నిలబడిన చోటికి అల వచ్చి పోయింది. ఆమె అడుగుల గుర్తులు మాత్రమే తడిశాయి. దాన్ని చూసి నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. పెళ్ళికాని దాన్ని కదా, నాకేమిటి దోషం అని అడిగాను. రాబోయే మొగుడికి తగులుతుందట. ఎవడో, ఎక్కడ ఉన్నాడో తెలియనివాడి కోసం నేనూ ఇసుకలో కూర్చున్నాను.

తర్వాత మిరపకాయ బజ్జీలు తిన్నారు. చేతికి నూనె అయింది. నూనె చెయ్యి కడుక్కోవడం శుభ్రత కిందకి వస్తుంది కాబట్టి సముద్రంలో కడుక్కోవచ్చని తేలింది. రెడ్డెప్పకు మోకాళ్ళ నొప్పి ఉంది, ఉప్పునీరు దానికి వైద్యం కాబట్టి మోకాళ్ళ దాకా దిగవచ్చని తేలింది. మామకు మోకాళ్ళ నొప్పి లేదు కానీ నడుము నొప్పి అప్పుడే మొదలైంది.

నడుము దాకా వైద్యం అక్కడ జనంలో కుదరదని సద్రాస్ పోయాం. చిన్న ఊరు. ఇటుకలు రాలిపోతున్న పాత కోట, దాని వెనక ఒడ్డున బోర్లించిన పడవలు, ఎండకు ఆరేసిన వలలు. మనిషి అలికిడి లేదు. నీళ్ళు నీలంగా, నిమ్మళంగా ఉన్నాయి. చూసేవాళ్ళు లేని చోట శాస్త్రం ఇంకాస్త మెత్తబడింది. మగవాళ్ళు చొక్కాలు విప్పారు, ప్యాంట్లు, పంచెలు విప్పారు, తువ్వాళ్ళు చుట్టుకున్నారు. చేతి గడియారాలు, పర్సులు, పంచాంగం అన్నీ తెచ్చి అత్త ఒళ్ళో పెట్టారు.

"ఈడ దొంగోళ్ళు ఎక్కువంట. చెప్పులు సూసుకోండి, కదలాకండి" అని మామ చెప్పి, పరుగెత్తుకుంటూ నీళ్ళలోకి పోయాడు. అరవై ఏళ్ళ మనిషి అంత వేగంగా పరుగెత్తగలడని అంగట్లో పనివాళ్ళు చూస్తే నమ్మరు.

అన్నపూర్ణమ్మ, అత్త, నేను చెప్పుల చుట్టూ కూర్చున్నాం. నీళ్ళలో వాళ్ళు ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుంటున్నారు. గంగులప్ప వెల్లకిలా పడుకుని తేలడం నేర్చుకుంటున్నాడు. అల ఎలా తప్పించుకోవాలో మామ గట్టిగా అరిచి అందరికీ పాఠం చెబుతున్నాడు.

"నలభై ఏండ్లుగా ఈయప్ప శాస్త్రమంతా నా మీదనే నడస్తాండాది" అంది అన్నపూర్ణమ్మ, ఎవరితోనో అన్నట్టు. పొద్దుటి నుంచి ఆమె నోరు తెరవడం అదే మొదలు.

కాసేపటికి మంచినీళ్ళ చెంబు కోసం రెడ్డెప్ప ఒడ్డుకు వచ్చాడు. ఒంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి, ముఖం కళకళలాడుతోంది. అత్త చెంబు అందించి అడిగింది.

"రెడ్డెప్పన్నా, ఆడది మంగళారం సముద్రం తాకితే ఏమైతాది?"

"మాంగల్యానికి దోషం తల్లీ."

"అంటే?"

"అంటే మొగునికి కీడు. జరం రావచ్చు. ఆయుస్సే తగ్గచ్చు."

"ఆయప్పకేనా?"

"ఆయప్పకే."

"నాకేం గాదా?"

రెడ్డెప్ప నవ్వాడు. ఇంత తెలియని ఆడదాన్ని చూసి ఆయనకు జాలి వేసినట్టుంది. "నీకు యాల అయితాదమ్మా. నీకేం గాదు. అంతా మొగునికే."

అత్త తల ఊపింది. నీళ్ళ వైపు చూసింది. మామ పొట్ట దాకా నీళ్ళలో నిలబడి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నవ్వుతున్నాడు. అత్త ఒళ్ళోని గడియారాలు, పర్సులు, పంచాంగం ఒక్కొక్కటిగా తీసి రెడ్డెప్ప చేతుల్లో పెట్టింది. కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుంది. లేచి, తొందర లేకుండా, సంతకు పోయేదానిలా నడిచి నీళ్ళలోకి దిగింది.

"యశోదా, నిలబడు. ఎనక్కి పో" అని మామ అక్కడి నుంచే కేక పెట్టాడు. "నాకేమన్నా అయితే?"

అత్త ఆగలేదు. పాదాలు, పిక్కలు, మోకాళ్ళు. వెనక్కి పోయే అల ఆమె మడమల కింద ఇసుకను లాక్కుపోయినట్టుంది, ఊగి నిలదొక్కుకుంది. అప్పుడు నవ్వింది. ఇంట్లో ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు. దోసిలితో నీళ్ళు తీసి నెత్తిన పోసుకుంది. మళ్ళీ పోసుకుంది. ఎక్కడున్నాడో తెలియని నా మొగుడికి నీ ఖర్మ అని చెప్పుకుని నేనూ దిగాను.

మామ నీళ్ళలోంచి ఒడ్డుకు ఒక్క పరుగు తీశాడు. తాను బయట ఉంటే దోషం తగలదనుకున్నాడేమో. వెనక అన్నపూర్ణమ్మ లేస్తోంది.

"నువ్వు యాడికి?" అన్నాడు రెడ్డెప్ప. గొంతు మారిపోయింది.

"యశోదమ్మకు తోడు" అంటూ ఆమె ఆయన పక్క నుంచే నడిచి వచ్చింది.

రెడ్డెప్ప ఇసుకలో కూలబడ్డాడు. మేము ముగ్గురం నీళ్ళలో. మామా, రెడ్డెప్పా చెప్పుల పక్కన. గంగులప్ప ఒక్కడే మా దగ్గర తేలుతూ "మా ఆడమనిషి ఇంట్లో ఉండాది, నాకేం భయం లేదు" అన్నాడు. ఒడ్డున వాళ్ళిద్దరూ తడి చేతులతో పంచాంగం పేజీలు తిప్పుతున్నారు, ఒకదానికొకటి అంటుకుపోయిన వాటిని గోళ్ళతో విడదీస్తున్నారు. మామ మధ్య మధ్య చేతి నాడి పట్టుకుని చూసుకుంటున్నాడు. ఎంతసేపటికో వాళ్ళకు ఏదో దొరికినట్టు కనిపించింది, ఇద్దరి ముఖాలూ తేరుకున్నాయి.

మాకు చాలనిపించినప్పుడే బయటికి వచ్చాం. సుమో పక్కన నిలబడి అత్త కొంగు పిండుకుంటూ ఉంటే మామ దగ్గరికి వచ్చాడు. అరవలేదు. ఆయన ఆమెతో అంత మెత్తగా మాట్లాడటం నాకు తెలిసి అదే మొదటిసారి.

"మే, తెలీక చేసిన దానికి దోషం లేదంట. రెడ్డెప్ప సెప్పినాడు." మళ్ళీ నాడి పట్టుకుని చూసుకున్నాడు. "నువ్వు తెలీకనే దిగినావు గదా?"

అత్త కొంగు దులిపి భుజం మీద వేసుకుంది.

"లేదు. అడిగి, తెలుసుకోనే దిగినాను."