ముగింపు సరుకు

మామగారు పోతూ పోతూ ఇల్లు నా పేరు మీద రాశారు. కొడుకు చేతిలో ఏదీ నిలవదని ఆయనకు తెలుసేమో. ఇన్నాళ్ళూ ఆ కాగితాలు బీరువాలో చీరల కింద పడి ఉన్నాయి. ఒకరోజు మా ఆయన వాటిని బయటకు తీసి, బ్యాంకువాళ్ళిచ్చిన ఫారాలతో కలిపి నా ముందు పెట్టాడు. ఇల్లు తాకట్టు పెడితే మా సుద్దముక్కల కంపెనీకి ఇంకో అప్పు పుడుతుందట.

"ఏటా లాభమేనంటారు కదా, మళ్ళీ అప్పెందుకు?" అన్నాను.

"లాభం వేరు, చేతిలో డబ్బు వేరు. నీకు చెప్పినా అర్థం కాదులే. ఇక్కడ సంతకం పెట్టు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సుద్దపొడి పట్టిన ఆయన చొక్కాలు ముప్పై ఏళ్ళుగా ఉతుకుతున్నదాన్ని, నాకు అర్థం కాదా? అర్థమయ్యేదాకా పెన్ను ముట్టనని తెగేసి చెప్పాను. ఆయన నవ్వాడు. మర్నాడు వీధి చివర టైలర్ షాపు పైనున్న ట్యూషన్ సెంటర్లో అకౌంట్స్ క్లాసుకు చేరి ఫీజు రసీదు చేతిలో పెడితే ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది.

క్లాసులో అందరికీ నేను అమ్మమ్మ వరస. పాఠం చెప్పే టీచరమ్మ కూడా నా వయసులో సగం ఉంటుంది, నన్ను ఆంటీ అని పిలిచేది. మొదటి రోజు ఆమె చెప్పింది ఒకటే మాట. కంపెనీ వేరు, యజమాని వేరు. కంపెనీ అంటే ఒక మనిషి కింద లెక్క. దాని ఆస్తి దానిదే, దాని అప్పూ దానిదే.

ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను. "మీ కంపెనీ మీరు కాదట. వేరే మనిషట."

"అలాగా పంతులమ్మా. అయితే రేపట్నుంచి ఆ మనిషికి కూడా ఓ క్యారేజీ కట్టు."

"ఇన్నేళ్ళూ నేను కట్టింది దానికే. మీరెప్పుడు సరిగ్గా తిన్నారు గనక?"

అలా రోజూ ఒక పాఠం, ఒక గొడవ. ఆస్తులు ఒక వైపు, అప్పులు ఒక వైపు. అందరికీ ఇవ్వాల్సింది ఇచ్చేశాక మిగిలేదే యజమానిది అని చెబితే, "అంటే ఇంట్లో అన్నం గిన్నె దగ్గర నీ పరిస్థితే నాది" అన్నాడు. యంత్రం అరిగిపోతుంది కాబట్టి దాని విలువలో ఏటా కొంత ఖర్చు కింద రాసుకోవాలన్న రోజు, "నా మోకాళ్ళకు కూడా రాయించు" అన్నాడు. ఆయన హాస్యానికి నాకు నవ్వొచ్చేది, కానీ నవ్వితే అలుసైపోతానని మూతి బిగించుకుని వంటింట్లోకి పోయేదాన్ని. నిజం చెప్పాలంటే మా కాపురంలో మేం అంతగా మాట్లాడుకున్న రోజులు అవే.

మాకు పిల్లలు లేరు. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళే ఆయన జనం. ప్లాస్టర్ పిండి నీళ్ళలో కలపగానే వేడెక్కుతుంది, గబగబా అచ్చుల్లో పోసెయ్యాలి, లేకపోతే బకెట్లోనే గడ్డకడుతుంది. ఆ అచ్చులు పోసేవాళ్ళు, ముక్కలను జల్లెడ బల్లల మీద ఎండబెట్టేవాళ్ళు, పెట్టెల్లో సర్దేవాళ్ళు, అందరూ మామగారి కాలం నుంచీ ఉన్నవాళ్ళే. సర్దేవాళ్ళకు నాయకురాలు పెద్దక్క. ప్లాస్టర్ ఆమె వేళ్ళ చివర్లు పగలగొట్టేసింది. మా ఆయన్ను 'అయ్యా' అంటూనే మందలించగలిగే మనిషి ఆమె ఒక్కతే. ఏటా లెక్కలు తేలి లాభం వచ్చిందనగానే ఆయన వాళ్ళందరికీ బోనస్ ఇచ్చి, ఇంటికొచ్చి, "నాన్న పెట్టిన కంపెనీ. ఒక్క ఏడాది కూడా నష్టం చూడలేదు" అనేవాడు. ఆ రోజు ఆయన మొహం చూడాలి. కొత్త చొక్కా వేసుకున్న పిల్లాడిలా ఉండేవాడు.

లాభం వేరు, డబ్బు వేరు అన్న పాఠం నెల తిరగకముందే వచ్చింది. టీచరమ్మ లెక్క వేసి చూపించింది. నూరు రూపాయలు ఖర్చుపెట్టి రెండు పెట్టెలు సరుకు చేశారనుకోండి. ఒక పెట్టె అరవైకి అమ్మారు. ఆ పెట్టెకైన ఖర్చు యాభై కాబట్టి లాభం పది. రెండో పెట్టె మీద పెట్టిన యాభై ఖర్చులోకి రాదు. అది గోడౌన్లో ఉంది, ఆస్తి. ఏడాది చివర మిగిలిన ఆ పెట్టెనే ముగింపు సరుకు అంటారు. పుస్తకంలో లాభం పది. జేబులో మాత్రం నలభై తక్కువ.

మా ఆయన చెప్పింది నిజమేనన్నమాట అనుకుని కొంచెం చిన్నబుచ్చుకున్నాను. ఆ వెంటనే ఇంకో అనుమానం పుట్టింది. చెయ్యెత్తాను.

"రెండో పెట్టె ఎప్పటికీ అమ్ముడుపోకపోతే?"

"అప్పుడది ఆస్తి కాదాంటీ. సరుకును అయిన ఖర్చుకైనా రాయాలి, ఇవాళ బజార్లో పలికే ధరకైనా రాయాలి. రెంటిలో ఏది తక్కువైతే అది. ఎవరూ కొనరంటే సున్నా."

"మాది సుద్దముక్కల సరుకమ్మా" అన్నాను.

ఆ పిల్ల చేతిలో నీలం మార్కర్ ఉంది. వెనకాల తెల్లబోర్డు. ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని కూడా నా కంటికి ఆనలేదు. ఆమె మార్కర్ మూత పెట్టి బల్ల మీద పెట్టింది.

మర్నాడు క్యారేజీ వంకతో ఫ్యాక్టరీకి వెళ్ళి గోడౌన్ తలుపు తీయించాను. రేకుల దాకా పెట్టెలే. అడుగు వరసలు చెమ్మకు ఉబ్బి వంగిపోయాయి. చాలా పెట్టెల మీద మేం ఎప్పుడో మార్చేసిన పాత లేబుల్ బొమ్మ ఉంది. దీని పక్కనే అద్దెకు తీసుకున్న రెండో గోడౌన్ కూడా ఇలాగే ఉందట. అమ్మకాలు ఏటా తగ్గుతూనే ఉన్నాయి, ఆయన మాత్రం ఒక్క రోజు కూడా అచ్చులు ఖాళీగా ఉంచలేదు. జనాన్ని ఊరికే కూర్చోబెట్టడానికి ఆయనకు చేతకాదు, పంపెయ్యడానికి మనసొప్పదు. సుద్దముక్క కుళ్ళుతుందా, పురుగు పడుతుందా, ఎప్పటికైనా పోతుందిలే అని పోయిస్తూనే ఉన్నాడు. ఆడిటర్ ఏటా వచ్చి పెట్టెలు చూసుకుని, ఇవి అమ్ముడుపోతాయా అని అడిగితే, "సుద్దముక్క అక్కర్లేని బడి ఉంటుందా?" అనేవాడు. అబద్ధం కాదు, ఆయన నమ్మకమే అది. ఎంత ఎక్కువ మిగిలితే ముగింపు సరుకు అంత పెరిగింది. పెట్టిన ఖర్చంతా ఆస్తిలో దాక్కుంది. అందుకే ఏటా లాభం.

ఆయన నా వెనకే వచ్చాడు. "చూశావా? ఇదంతా మన ఆస్తి. బ్యాంకువాళ్ళకే కళ్ళు లేవు."

"మన పాత డీలరుకు ఫోన్ చెయ్యండి. ఇదంతా ఎంతకు తీసుకుంటాడో అడగండి."

"ఇప్పుడెందుకు?"

"నాకోసం."

చేశాడు. హుషారుగా మొదలుపెట్టాడు, కుశల ప్రశ్నలు వేశాడు, ధర అడిగాడు. తర్వాత చాలాసేపు వింటూ ఉండిపోయాడు. ఫోన్ జేబులో పెట్టుకోవడానికి ఆయనకు జేబు దొరకలేదు.

"ఊరికే ఇచ్చినా లారీ కిరాయి దండగంటున్నాడు. ఒక్క బడివాడు కూడా అడగడం లేదట" అన్నాడు. పెట్టెల వైపు చూసి, "అంటే లాభం రాలేదా?" అని అడిగాడు.

"లేదండీ."

"ఎప్పట్నుంచి?"

"మీరు రెండో గోడౌన్ తీసుకోక ముందు నుంచే."

"మరి నేను పంచిన బోనసులు?"

నోటిదాకా వచ్చింది జవాబు. మామగారు వదిలి వెళ్ళిన మూలధనాన్నే కొంచెం కొంచెంగా పంచిపెట్టాడని నాకు తెలుసు. ఆ మొహం చూస్తూ చెప్పలేకపోయాను. ఆయన ఒక పెట్టె మూత తీసి, వేసి, మళ్ళీ తీశాడు. ఆ క్షణంలో నాకు ఆ చదువు మీదే అసహ్యం వేసింది. ఏమీ తెలియకుండా సంతకం పెట్టేసి ఉంటే ఆయన ఇంకో రెండేళ్ళు నవ్వేవాడు కదా అనిపించింది.

ఆడిటర్ ఈసారి సరుకును దాని అసలు విలువకు రాశాడు. ఇన్నేళ్ళ లాభాలనూ ఆ ఒక్క ఏడాది నష్టం మింగేసింది. కంపెనీ మూసెయ్యడం తప్ప దారి లేదు. షెడ్డూ యంత్రాలూ ఎప్పటి నుంచో తాకట్టులో ఉన్నాయి, అవి అమ్మితే పాత అప్పుకు చెల్లుకు చెల్లు. జీతాల బాకీలకూ, ఇన్నేళ్ళ సర్వీసుకు పనివాళ్ళకు రావాల్సినదానికీ ఏమీ మిగలదు.

టీచరమ్మను అడిగాను. "మీ ఇంటి జోలికి ఎవరూ రారాంటీ. చెప్పాను కదా, కంపెనీ వేరు, మీరు వేరు" అంది. హమ్మయ్య అనుకున్నాను. ఎందుకు దాచాలి, నిజంగానే అనుకున్నాను. మా వంటింటి కిటికీలోంచి పొద్దున్నే గోడ మీద పడే ఎండ నాకు ప్రాణం. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ నేను నాదని చెప్పుకున్నది ఆ ఇల్లొక్కటే.

మా ఆయన మళ్ళీ సంతకం మాట ఎత్తలేదు. ఒక్కసారి అడిగి ఉంటే పోట్లాడి గెలిచేదాన్ని. అడగలేదు. పొద్దున్నే తయారై ఫ్యాక్టరీకి పోయేవాడు. పనివాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. పోయడానికి ప్లాస్టర్ లేదు, అయినా బల్లలు తుడిచేవాళ్ళు. క్యారేజీ పంపింది పంపినట్టే తిరిగొచ్చేది. ఆయన పక్కన పడుకుని నేను లెక్కలు వేసుకునేదాన్ని. పెద్దక్కకు మేం ఇవ్వాల్సింది కూడా అప్పేగా? అందరికీ ఇచ్చాకే యజమానికని నేర్చుకున్నది నేనేగా? చట్టం ఇవ్వక్కర్లేదంటే మాత్రం నేను ఆమె ఎదురుగా ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

ఇల్లు తాకట్టు పెట్టలేదు. అమ్మేశాం. సంతకం పెట్టేటప్పుడు ఏడ్చాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఒక్కటైనా సరిగ్గా చేద్దాం" అన్నాడు.

అందరినీ ఫ్యాక్టరీకి పిలిచి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ ఆయనే కవర్లు ఇచ్చాడు. కొందరు దణ్ణం పెట్టారు. ఇల్లు అమ్మిన సంగతి అందరికీ తెలిసిపోయింది. ఆయన మొహంలో చాలా రోజుల తర్వాత కొంచెం వెలుగు కనిపించింది. నాకు కూడా, పోనీలే, ఇంత చేశాం అనిపించింది.

చివర పెద్దక్క వచ్చింది. కవరు తీసుకుని కొంగున కట్టుకుంది. వెళ్ళిపోలేదు.

"అయ్యా, ఒక మాటడుగుతాను, కోప్పడకండి. ఈ సరుకు పోదని ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఈమధ్యే అక్కా. ఈమె చెబితేనే."

"అట్లాగా." ఆమె తల ఊపింది. "పదేళ్ళ కిందట బిస్కెట్ల ఫ్యాక్టరీవాళ్ళు నన్నూ మా చెల్లెల్నీ రమ్మన్నారయ్యా. చెల్లెలు వెళ్ళింది, ఇప్పుడు అక్కడ సూపర్‌వైజరు. నేను పోలేదు. మీకు ఏటా లాభాలొస్తున్నాయి కదా, ఇంకెక్కడికి పోతామని ఉండిపోయాను. మొన్న వెళ్ళి అడిగితే, ఈ వయసులో తీసుకోలేమన్నారు." ఆమె గొంతులో కోపం లేదు. "మిమ్మల్ని అనడం లేదయ్యా. మీకు మాత్రం ఏం తెలుసు? మీరు మా మంచికే చేశారు."

పెద్దక్క ఆయన చొక్కా చేతి మీద అంటిన సుద్దపొడిని రెండుసార్లు దులిపి, పోయొస్తానమ్మా అని నాతో చెప్పి, చెప్పులు వేసుకుని గేటు వైపు నడిచింది.