రెండోసారి పెద్దమనిషి

ఇరవై తొమ్మిదేళ్ల వయసులో నేను రెండోసారి పెద్దమనిషినయ్యాను. అదీ పినపాకలో, బడి స్టాఫ్‌రూమ్‌లో, తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతుండగా. బాత్రూమ్‌లోకి వెళ్లి, తలుపు గడియ పెట్టి, చూసుకుని గెంతాను. సోషల్ టీచర్ గెంతకూడదని ఎక్కడైనా రాసుందా?

నాలుగేళ్ల కిందట నా మెడ పక్కన గడ్డ తేలింది. లింఫోమా అన్నారు. కీమో మందులు గడ్డను కరిగిస్తాయి కానీ అండాశయాల్ని కూడా మాడ్చేయొచ్చని హైదరాబాద్ డాక్టరమ్మ చెప్పింది. అందుకని మందులు మొదలుపెట్టకముందే ఒక అండాశయం తీసి, ముక్కలుగా కోసి, గడ్డకట్టించి దాచింది.

"కూర మాంసమా ఏంది, ఫ్రిజ్‌ల పెట్టనీకి?" అని మా అత్త ద్వాలి, వార్డంతా వినపడేలా అడిగింది.

జబ్బు పోయింది. దాంతోపాటే నెలసరీ పోయింది. విచిత్రమేమంటే అత్తకూ నాకూ ఒకే ఏడాది ముట్లుడిగాయి. ఇద్దరం ఒకే ఫ్యాన్ కింద కూర్చుని చెమటలు తుడుచుకుంటూ, కారణం లేకుండా ఒకరినొకరం కసురుకునేవాళ్లం. ఆమెకు యాభై, నాకు పాతికేళ్లు దాటాయంతే. తండాలో ఎవరైనా "పిల్లలెప్పుడు?" అంటే వాళ్లను కొట్టాలనిపించేది.

మొన్న వేసవిలో, దాచినదాంట్లో క్యాన్సర్ కణాలు లేవని పరీక్షల్లో తేల్చుకుని, ముక్కలన్నీ తిరిగి నాలో కుట్టారు. పని చేస్తే ఆరు నెలల్లోపు తెలుస్తుందట. ఇక మిగిలిందేమీ లేదు, ఇదే ఆఖరి అవకాశం. ఐదు నెలలు ఏమీ జరగలేదు. పైకి నవ్వుతూ లోపల చచ్చిపోయాను.

బాత్రూమ్‌లోంచే సంతోష్‌కి ఫోన్ చేశాను. మా ఆయనకు మణుగూరు బొగ్గు గనిలో ఉద్యోగం.

"రక్తం కనపడ్డది," అన్నాను.

"ఏంది? ఏడ? మళ్లా గడ్డనా? నువ్వు కదలకు, వస్తున్న!"

"గడ్డ కాదయ్యా. నెలసరి!"

 ఎన్నడూ నోరెత్తని మనిషి, లారీల మోత మధ్య ఈల వేశాడు.

మర్నాడు భద్రాచలంలో స్కానింగ్, రక్తపరీక్ష. రిపోర్టులు ఫోన్‌లో పంపితే డాక్టరమ్మే అరిచింది: "పని చేస్తోంది కవితా! గుడ్లు పెరుగుతున్నాయి!"

ఇంటికొచ్చేసరికి అత్త నువ్వులూ బెల్లం దంచేసి, తండా ఆడవాళ్లందరినీ పిలిచేసింది. నాకు కొత్త చీర కట్టి, పీట మీద కూర్చోబెట్టింది.

"పెండ్లై ఏడేండ్లాయె, ఇప్పుడు ఫంక్షనేందే?" అంది పక్కింటి హేమ్లి.

"నీకు తెల్వదు గానీ, పాట అందుకో," అంది అత్త.

పాట మొదలైంది. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నారు. నేనూ నవ్వుతూనే, ఉన్నట్టుండి అత్త చెయ్యి పట్టుకున్నాను.

"అత్తా, ఇంత సంబురం చేస్తున్నవ్. రేపు పిల్లలు పుట్టకుంటే?"

అత్త నువ్వుల ముద్ద నా నోట్లో కుక్కింది. "పుడితే పుడతరు, లేకుంటే లేదు. పిల్లల కోసం నేనెన్నడు మొక్కలే."

"మరి నాలుగేండ్ల సంది సేవాలాల్ బాపుకు దేనికి మొక్కినవ్?"

"నాతోని సమానంగ ముసల్దానివైతివి గదనే. నా కోడలి వయసు నా కోడలికి మళ్లియ్యి అని మొక్కిన."

నోట్లో ముద్దతోనే బావురుమన్నాను. ఆడవాళ్లెవరూ పాట ఆపలేదు.