సాక్ష్యంలో కలిపిన ముక్క

గుండ్లవారిపాలెంలో ఎవరి చేతనైనా మాత్ర మింగించగల మనిషి ఎవరంటే నర్సమ్మ స్తుతి పేరే చెబుతారు. ఆరోగ్య కేంద్రం వసారాలో బల్ల వేసుకుని కూర్చుంటుంది. టీబీ ఉన్నవాళ్ళు సోమ, బుధ, శుక్రవారాల్లో వచ్చి ఆమె కళ్ళెదుటే మాత్రలు వేసుకోవాలి. మింగేశానమ్మా అంటే ఊరుకోదు. "నోరు తెరువు. నాలుక ఎత్తు," అంటుంది. నాలుక కింద దాచుకుని, మలుపు తిరగ్గానే ఉమ్మేసే ఘనులు ఆ ఊళ్ళో ఉన్నారు మరి. దగ్గు తగ్గింది కదా, ఇంకా ఎన్నాళ్ళు అని సణిగేవాళ్ళకు ఆమె దగ్గర ఒకటే జవాబు. "తగ్గింది మాత్రల వల్ల. ఆపితే మళ్ళీ వచ్చుద్ది. ఈసారి వస్తే వీటికి లొంగదు." ఆ పని మొదలెట్టిన నాలుగేళ్ళలో ఒక్కరు కూడా మధ్యలో మానలేదని పెద్ద డాక్టరుగారు మీటింగులో నలుగురి ముందూ మెచ్చుకున్నారు.

అలాంటి మనిషి ఇంట్లోనే మాత్రలు ఆగిపోయాయి. అదెలా జరిగిందో చెప్పాలంటే ముందు ఆమె కొడుకు మార్క్ సంగతి చెప్పాలి.

మార్క్‌కు తొమ్మిదేళ్ళు, మూడో తరగతి. ఒక చోట కూర్చోలేడు. ఎవరేం చెప్పినా మొదటి సగం విని, రెండో సగానికి వీధిలో ఉంటాడు. పెన్సిళ్ళూ రబ్బర్లూ సరే, చెప్పుల జతలో ఒకటి పోగొట్టుకుని రెండోది భద్రంగా ఇంటికి తెస్తాడు. మిరపకాయ టిక్కీ బస్తాల లోడుతో వెళుతున్న ట్రాక్టరు మీంచి దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎందుకు దూకావురా అంటే "తెలీదు" అన్నాడు. అది నిజమే గానీ నమ్మినవాళ్ళు లేరు. పైగా వాడి తండ్రి క్రీస్తుదాసే వాడి క్లాసు టీచరు. మిగతా పిల్లలకు లాంగ్ బెల్లు కొట్టేదాకానే మాస్టారు, మార్క్‌కు ఇరవైనాలుగు గంటలూ మాస్టారే. చింత బరికె ఒకటి బళ్ళో, ఒకటి ఇంట్లో ఉండేవి.

ఊరంతా వైద్యులే. సరస్వతాకు నమలమన్నారు, తాయెత్తు కట్టమన్నారు. ఆర్‌ఎంపీ డాక్టరైతే బలానికి సెలైను ఎక్కిస్తానని ముందుకొచ్చాడు. ఉన్న బలంతోనే వేగలేకపోతున్నాం బాబూ అని స్తుతి దణ్ణం పెట్టింది. నాయనమ్మ ఎలీసమ్మ మాత్రం ఎవరికీ చెప్పకుండా మూడేళ్ళుగా మనవడి కోసం ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటోంది.

చివరికి స్తుతి మొగుణ్ణీ కొడుకునూ బస్సెక్కించి గుంటూరు కొత్తపేటలో పిల్లల మనసు చూసే ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ గంటసేపు ప్రశ్నలడిగింది. ఇంట్లో ఎలా ఉంటాడో తండ్రి నింపాల్సిన కాయితం ఒకటీ, బళ్ళో ఎలా ఉంటాడో టీచరు నింపాల్సిన కాయితం ఒకటీ ఇచ్చింది. రెండూ క్రీస్తుదాసే నింపాడు. రెంటిలోనూ ఒకటే రాశాడు: క్రమశిక్షణ లేదు.

డాక్టరు కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "మీవాడు మొండివాడు కాదండీ. చూపు ఒక చోట నిలవదు, కాళ్ళూ చేతులూ ఆగవు. దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు. మాత్ర ఉంది. ముందు అరమాత్ర చొప్పున, టిఫిను పెట్టాకే వెయ్యండి. మధ్యాహ్నం ఆకలి తగ్గుతుంది, సాయంత్రం గట్టిగా పెట్టండి. నెలకోసారి తీసుకొచ్చి బరువు చూపించండి. నన్నడక్కుండా ఆపొద్దు. మాస్టారూ, మీరు మాత్రం ఆ బరికె ఇవాళే ఆపెయ్యండి."

"పదహారేళ్ళ సర్వీసులో నేను లొంగదియ్యలేనోణ్ణి అరమాత్ర లొంగదీసిద్దంట," అని క్రీస్తుదాసు పెదకాకాని దాటేదాకా బస్సులో గొణుగుతూనే ఉన్నాడు.

మొదటి వారం ఎవరికీ కలిసిరాలేదు. మార్క్ కడుపునొప్పి అన్నాడు. అన్నం క్యారేజీ వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొచ్చింది. "బిడ్డను మత్తులో పెట్టి చంపుతున్నారు!" అని ఎలీసమ్మ వంటింట్లో కూర్చుని శోకాలు పెట్టింది. స్తుతి ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి డాక్టరుకు ఫోను చేసింది. కంగారు పడొద్దు, కొన్నాళ్ళు అరమాత్ర మీదే ఉంచండి, తర్వాత పెంచుదాం అంది డాక్టరు. స్తుతి పొద్దున ఇడ్లీల పక్కన రెండు గుడ్లు పెట్టింది, బడి నుంచి రాగానే వేరుశనగ ఉండలు, రాత్రి అన్నం రెండు విడతలు.

"ఇది ఏసుకుంటే నేను ఇంకోణ్ణయిపోతానా మమ్మీ?" అని వాడు ఒకరోజు అడిగాడు.

"లేదురా. నువ్వే ఉంటావు. కాస్త నిదానంగా ఉంటావు."

ఊరందరి చేతా పట్టపగలు వసారాలో మాత్రలు మింగించే స్తుతి, కొడుకు మాత్రల అట్టను మాత్రం హార్లిక్స్ డబ్బాలో పెట్టి పైన గుడ్డ కప్పింది. పిల్లాడికి పిచ్చంట అంటారేమోనని భయం. రోగులకు ధైర్యం చెప్పడానికి జీతం ఇస్తారు గానీ, తనకు తాను చెప్పుకోవడానికి ఎవరూ ఇవ్వరు కదా.

నాలుగో వారంలో ఒకరోజు క్రీస్తుదాసు కాపీలు దిద్దుతూ మార్క్ పుస్తకం దగ్గర ఆగిపోయాడు. బోర్డు మీద రాసినవన్నీ, ఆఖరి లైను దాకా, వాడి పుస్తకంలో ఉన్నాయి. పేజీ తిప్పి చూశాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. ఆ సాయంత్రం మార్క్ రెండు చెప్పులతో ఇంటికొచ్చాడు. క్రీస్తుదాసు పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, ఇంట్లో బరికెను అటక మీదికి విసిరేశాడు. ఆనందంతో ఏడిచానని ఒప్పుకునే మనిషి కాదు గానీ, ఆ రోజు ఏడిచాడు.

అంతవరకూ బాగానే ఉంది. ఆ ఆదివారం మార్క్ చర్చిలో ప్రసంగం మొత్తం కదలకుండా విన్నాడు. పాస్టరు జయరావుగారి ప్రసంగం గంటంపావు ఉంటుంది. సంఘ పెద్దలే అరగంటకు గోడకు ఆనుకుంటారు. అలాంటిది మార్క్ చాప మీద బాసింపట్టు వేసుకుని ఆమెన్ దాకా కూర్చున్నాడు. ఊళ్ళో ఇంతకు మించిన అద్భుతం ఎవరూ చూడలేదు.

ఆ చర్చిలో సాక్ష్యం చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. దేవుడు చేసిన మేలు చెప్పాలంటే ముందు డాక్టర్లను ఓడించాలి. గుంటూరులో చేతులెత్తేశారు, బెజవాడలో పెదవి విరిచారు, మద్రాసు తీసుకెళ్ళినా లాభం లేదన్నారు, అప్పుడు ప్రార్థన చేశాం. ఇదీ వరస. వైద్యం పనిచేసిందని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెబితే వినేవాళ్ళకు రుచించదు కూడా.

ఎలీసమ్మ లేచింది. "అందరికీ వందనాలు. నా మనవణ్ణి మీరంతా ఎరుగుదురు. మూడేళ్ళు ఉపాసముండి అడిగాను. ఏ డాక్టరూ లేకుండా, ఒక్క మాత్రన్నా ఎయ్యకుండా ప్రభువే బాగుచేశాడు!"

చప్పట్లు మోగాయి. పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. స్తుతి చేతిసంచిలో ఆ నెల కొత్త మాత్రల అట్ట ఉంది. ఆమె సంచీ ఒళ్ళోకి లాక్కుని తల వంచుకుంది. వచ్చే నెల ఉజ్జీవ కూటాల సభలకు ఒంగోలు నుంచి ప్రసంగీకులు వస్తున్నారనీ, ఎలీసమ్మ ఈ సాక్ష్యం మైకులో చెప్పాలనీ పాస్టరుగారు ప్రకటించారు. సంఘ కార్యదర్శి హోదాలో క్రీస్తుదాసు మర్నాడే ఐదు వందల కరపత్రాలు అచ్చు వేయించాడు. "మాత్ర లేకుండా స్వస్థత పొందిన బాలుడు! తప్పక రండి!"

ఇంట్లో స్తుతి అడిగింది. "అత్తయ్యా, అదేం మాట?"

"దేవుడు తలుచుకుంటే ఎటూ చేసేవాడేగా. నేను కాస్త ముందుగా చెప్పాను," అంది ఎలీసమ్మ.

"అచ్చయిపోయింది కూడా," అన్నాడు క్రీస్తుదాసు. "చూడు స్తుతీ, వాడికి మాత్ర ఏస్తే అమ్మ సాక్ష్యం అబద్ధమయిద్ది. ఆపేస్తే నిజమయిద్ది. కూటాలు అయ్యేదాకానే." లెక్కల మాస్టారు కదా, ఎంత తేలిగ్గా తేల్చేశాడో.

స్తుతి గట్టిగా కాదనాల్సింది. కాదంటే హార్లిక్స్ డబ్బా ఊరందరి ముందూ తెరవాలి. మూడు వారాలే కదా అనుకుని ఊరుకుంది. ఇంకెవరైనా అదే మాట అని ఉంటే వసారాలో నిలబెట్టి కడిగేసేది.

మార్క్ మళ్ళీ మొదటికొచ్చాడు. పుస్తకంలో లైన్లు సగంలో ఆగిపోయాయి. చెప్పు ఒకటి పోయింది. బరికె అటక దిగింది. ప్రసంగంలో పది నిమిషాలకే చర్చి కిటికీ ఎక్కాడు. "విశ్వాసం తగ్గితే అంతే," అని వెనక వరసలో ఎవరో అన్నారు.

మంగళవారం పొద్దున ఇడ్లీలు తింటూ వాడు తలెత్తాడు. "మమ్మీ, దేవుడు నన్ను బాగుచేశాడని నాయనమ్మ చెప్పిందిగా. మళ్ళీ ఎందుకు పాడుచేశాడు? నేనేం తప్పు చేశాను?"

స్తుతి బడికి టైమైందిరా అని సంచీ భుజాన తగిలించి పంపేసింది. వాడు వెళ్ళాక పొయ్యి దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడిచింది.

బుధవారం పుల్లమ్మ మాత్రలకు రాలేదు. పుల్లమ్మ కూలిమనిషి, టీబీ మందులు మొదలెట్టి రెండు నెలలు. ఈ రెండు నెలల్లో ఒక్క రోజూ మానలేదు. పుల్లమ్మ పేరు రాసున్న మందుల పెట్టె చంకన పెట్టుకుని స్తుతి ఊరి బయట మిరప కళ్ళానికి వెళ్ళింది. ఎండలో పరిచిన కాయల మధ్య కూర్చుని పుల్లమ్మ రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. ఆ ఘాటుకు మామూలు మనిషికే దగ్గొస్తుంది.

"ఏంది పుల్లమ్మా, రాలేదు?"

"ఇక రానులే నర్సమ్మా. నాకు తగ్గింది. నేనూ మీ బాబులాగే మాత్రల్లేకుండా ఉంటా, ఆపేశా. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్తా, పాస్టరయ్యగారితో కూడా చెప్పా." ఎంతో సంతోషంగా చెప్పింది.

"ఆపితే మళ్ళీ వచ్చుద్దే."

"మీ బాబును మాత్ర లేకుండానే ప్రభువు బాగుచెయ్యలా?"

స్తుతి పెట్టె చంకన పెట్టుకుని వచ్చిన దారినే వెనక్కి నడిచింది. దారిలో ఎస్టీడీ బూత్‌లో ఆగి డాక్టరుకు ఫోను చేసింది, తిట్లు తింది, మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో రాసుకుంది.

ఆదివారం సాక్ష్యాల వేళ పుల్లమ్మ కొంగు సర్దుకుంటుండగా స్తుతి ముందే లేచింది. ఎలీసమ్మ ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాగింది.

"అందరికీ వందనాలు. మా మార్క్ విషయంలో గుంటూరు డాక్టరుగారు చేతులెత్తెయ్యలేదండీ. చక్కగా కూర్చోబెట్టి, చూసి, మాత్ర రాసింది. ఆ మాత్ర వల్లే వాడు ఇక్కడ గంటంపావు కూర్చున్నాడు. దాన్ని నేను హార్లిక్స్ డబ్బాలో దాచాను. సాక్ష్యం అయ్యాక ఆపేశాను. మీ అందరి చేతా మింగించేదాన్ని, సిగ్గుపడి నా బిడ్డకు ఆపేశాను. మొన్న వాడు నన్నడిగాడు, దేవుడు నన్ను బాగుచేసి మళ్ళీ ఎందుకు పాడుచేశాడు, నేనేం తప్పు చేశానని. నేను జవాబు చెప్పలేదు. మీలో ఎవరన్నా చెప్పండి."

అలవాటు కొద్దీ ఒకాయన "స్తోత్రం" అనబోయి మింగేశాడు. పాస్టరుగారు బైబిలు తెరిచి మూశారు. మార్క్ కిటికీ దగ్గర నిలబడి అందరి మొహాలూ చూస్తున్నాడు.

అప్పుడు ఎలీసమ్మ గోడ పట్టుకుని లేచింది. వాడు అడిగిన మాట ఆమెకు అంతవరకూ తెలియదు.

"ఇటు రారా నాయనా," అంది. వాడు వచ్చాడు. వాడి గడ్డం పట్టుకుని, చర్చి మొత్తానికీ వినబడేలా చెప్పింది. "నేను ఉపాసముండింది నిజం. నువ్వు బాగుపడింది నిజం. మాత్ర లేకుండా అన్న ముక్క మాత్రం నేను కలిపాను. అందరూ అట్టాగే చెప్తారు, నేనూ అట్టాగే చెప్పాను. దేవుడు నిన్ను పాడుచెయ్యలేదయ్యా. నేను చేశా."

కూలబడి ఏడ్చేసింది. మార్క్ ఏం చెయ్యాలో తెలియక ఆమె తల నిమిరాడు.

స్తుతి సంచిలోంచి అట్ట తీసింది. "టిఫిను తినే వచ్చాడు," అని ఎవరూ అడక్కుండానే చెప్పింది. పాస్టరుగారు ప్రసంగపీఠం మీదున్న తన మంచినీళ్ళ గ్లాసు అందించారు. మార్క్ మింగి, అడగకుండానే నోరు తెరిచి నాలుక ఎత్తాడు. స్తుతి పుల్లమ్మ మందుల పెట్టె కూడా తీసి ఆమె వైపు చూసింది. పుల్లమ్మ తిట్టుకుంటూనే లేచి గ్లాసు కోసం చెయ్యి చాపింది.

ఇక మిగిలింది కరపత్రాలు. అచ్చు వేయించినవి పారేయడానికి వీల్లేదు, తప్పు దిద్ది పంచండి మాస్టారూ అన్నారు పాస్టరుగారు. ఆ మధ్యాహ్నం క్రీస్తుదాసు ఇంటి వసారాలో ఐదు వందల కాయితాలు ముందేసుకుని, ఒక్కొక్క దాని మీదా "మాత్ర లేకుండా" అన్నది కొట్టేసి "మాత్రతో" అని రాయడం మొదలుపెట్టాడు. పక్కన మార్క్ కూడా ఒక పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఎలీసమ్మ వాడి పక్కన వేరుశనగ ఉండల గిన్నె పెట్టి వెళ్ళింది.

అరవయ్యో కాయితం దగ్గర క్రీస్తుదాసు మోకాలు ఊగడం మొదలెట్టింది. ఎనభైకి వీధిలోకి చూశాడు. నూటికి పెన్ను కింద పెట్టి, మంచినీళ్ళు తాగొస్తానని లేవబోయాడు.

మార్క్ తలెత్తలేదు. వాడి కాయితాల దొంతర తండ్రి దొంతర కంటే ఎత్తుగా ఉంది.

"కూర్చో డాడీ," అన్నాడు. "ఇంకా ఉన్నాయి."

క్రీస్తుదాసు కూర్చున్నాడు.