అరచేతికి వినపడే సుత్తి

పొద్దున్నుంచి దాసప్ప ఒక సుత్తితో కుస్తీ పడుతున్నాడు. బొటనవేలంత ఇత్తడి ముక్క, దానికి జానెడు తుమ్మ కట్టె పిడి. చూసినవాళ్లు పిల్లల ఆటసామాను అనుకుంటారు. దాసప్పకు మాత్రం రేపటి నుంచి పని ఉంటుందా ఊడుతుందా అన్నది దాని మీదే ఉంది.

రాయకోటలో వరమ్మ కట్టుకుంటున్న ఇంటికి తెల్లవారితే వాకిలి, అంటే ద్వారబంధం, నిలబెట్టాలి. ముహూర్తం పెట్టేశారు, చుట్టాలకు చెప్పేశారు, పసుపు కుంకుమలు తెచ్చి అటక మీద పెట్టేశారు. ఇంతా చేసి, ఆ వాకిలి నిలువు చెక్కను నిన్న దాసప్ప చిత్రిక పడుతుంటే బ్లేడు జారి గోరు లోతున కొరికేసింది. మీసం రాకముందు నుంచి చిత్రిక పట్టిన చెయ్యి చేసిన నిర్వాకం అది.

పని ఒప్పుకున్నది సుబ్రమణి. దాసప్ప భార్య సుబ్బక్కకు తమ్ముడు. మనుషుల్ని పెట్టుకునేదీ, తీసేసేదీ, కోత మిషన్ తెచ్చిందీ అతనే. అతను వచ్చి ఆ గాయం చూసి, "ఏమయింది బావా?" అన్నాడు.

"చెక్కలో ముడి అడ్డం వచ్చిందప్పా" అన్నాడు దాసప్ప.

సుబ్రమణి వేలితో తడిమి చూశాడు. ముడి ఎక్కడ ఏడ్చింది అక్కడ? వెన్నలాంటి చెక్క. అయినా చెయ్యి దులుపుకుని మిషన్ దగ్గరికి వెళ్లిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

అసలు సంగతేమిటంటే దాసప్పకు చెవులు తగ్గిపోయాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అల్లుకుపోతాడు. వెనక నుంచి పిలిస్తే లేదు. సన్నని చప్పుళ్లు అసలే లేవు. చిత్రికకు ఆ సన్నని చప్పుడే ప్రాణం. చిత్రిక దిమ్మెలో బ్లేడును కదలకుండా పట్టి ఉంచేది ఒక చెక్క చీల. సుత్తితో తడితే, బిగిసిన చీల ఖణీమంటుంది, వదులుగా ఉన్నది మొద్దుగా మూలుగుతుంది. దాసప్ప ఆ తేడాతోనే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు రెండూ ఒకటే అయి కూర్చున్నాయి. బిగిసిందనుకుని తోస్తాడు, బ్లేడు జారుతుంది.

చెప్పేస్తే పోయేదిగా అంటారు మీరు. ఎవరికి చెప్పాలి? కోత మిషన్ తిరిగే చోట చెవిటివాణ్ణి ఎవడు నిలబెడతాడు? బర్గూరు దగ్గర ఒక వడ్రంగిని ఇలాగే ఇంటికి పంపేశారని దాసప్ప విన్నాడు, అదీ తన చెవులు బాగున్న రోజుల్లో. అందుకే పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, పిలిస్తే పలక్కపోయినా పనిలో మునిగినవాడిలా తల వంచుకుని నెట్టుకొస్తున్నాడు.

నిన్న ఇంటికి పోతుంటే దారిలో బుర్రకు తట్టింది. చెవి పోతే పోయింది, చెయ్యి ఉంది కదా. మేకులు కొట్టే సుత్తి మొద్దుది, దాని బరువే తప్ప ఇంకేమీ చేతికి తెలియనివ్వదు. తల చిన్నదై, పిడి సన్నగా ఉంటే చీల చెప్పేది అరచేతిలోకి రావాలి. పాత ఇనుము అంగడిలో ఇత్తడి కడ్డీ ముక్క ఒకటి దొరికింది.

పిడి కోసం మొదట వేసిన బెజ్జం వంకరపోయింది. ఆకురాయితో రుద్ది సరిచేశాడు. మొదటి పిడి దిగ్గొడుతుంటే చీలిపోయింది. రెండోదాన్ని గాజుపెంకుతో గీకి గీకి, వేలంత సన్నం చేశాడు. ఇత్తడి తగిలితే చిత్రిక దిమ్మెకు సొట్ట పడుతుందని, సుత్తికి ఒక పక్క తెగిన చెప్పు తోలు అతికించాడు. ఇంత పనిలోనూ మాటిమాటికీ తల తిప్పి చూస్తూనే ఉన్నాడు. చెవులున్నవాడికి అడుగులు తెలుస్తాయి, ఇతనికి పక్కన నీడ పడితే గానీ తెలియదు.

చీల మీద మెల్లగా తట్టాడు. అరచేతిలో చీమలు పాకినట్టు జివ్వుమంది. వదులు. ఇంకో రెండు తట్లు వేశాడు. జివ్వుమనడం ఆగిపోయి, దెబ్బ గట్టిగా నిలబడింది. దాసప్ప ఊపిరి బిగబట్టి చిత్రికను తోశాడు. ఉల్లిపొరలాంటి చెక్క పొర చుట్టలు చుట్టుకుంటూ పైకి లేచింది. ఇంకోటి. ఇంకోటి. నిన్నటి గాయం పొరపొరగా కరిగిపోయింది. జతగా నిలబడే రెండో చెక్కనూ అంతే తీసి సమం చేశాడు. బతికాన్రా దేవుడా అనుకున్నాడు.

అప్పుడు పడింది నీడ. సుబ్రమణి.

అతను చెక్కను తడిమాడు, ఒక కన్ను మూసి నిలువునా చూశాడు. తర్వాత సుత్తి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది యాడిది బావా?"

"నేనే చేసినాను."

"భలే ఉంది. నేనూ చూస్తా ఉండు."

చిత్రిక తీసుకుని అటు తిరిగి గొంతుక్కూర్చున్నాడు. దాసప్పకు అతని వీపు, లేచి పడుతున్న మోచెయ్యి కనిపించాయి. నాలుగైదు తట్లు తట్టి సుబ్రమణి తల తిప్పాడు.

"చప్పుడు ఎట్లుంది?"

"ఖణీమంటా ఉంది" అన్నాడు దాసప్ప, కొంచెం గర్వంగానే.

సుబ్రమణి పక్కకు జరిగాడు. చిత్రిక మీద అతని తువ్వాలు నాలుగు మడతలు వేసి ఉంది. ఇంతసేపూ సుత్తి పడింది దాని మీద.

దొంగకు తేలు కుట్టినట్టయింది దాసప్పకు.

"ఎన్నాళ్లయింది బావా?"

"రెండేండ్లు కావస్తా ఉంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పింటే మిషన్ కాడికి రానిచ్చేవాడివా?"

"రానిచ్చేవాణ్ణి కాదు" అన్నాడు సుబ్రమణి. "నిన్న నీ వెనకాల చెక్క పలక పడింది చూడు, అది పైనుంచి జారింది. జరుగు బావా, జరుగు బావా అని గొంతు చించుకున్నాను. నువ్వు తల తిప్పలేదు. మూరెడు ఇటు పడింటే మా అక్కకి నేను ఏం చెప్పేది?"

ఆ పలక దాసప్పకు గుర్తుంది. దారికి అడ్డంగా ఎవడు పడేశాడని మనసులో తిట్టుకుంటూ తనే ఎత్తి గోడకు ఆనించాడు. పని పోతుందనే భయంతో ఇన్నాళ్లూ చచ్చాడు, వీపు పక్క నుంచి పోయిన చావు మాత్రం తెలియనే లేదు.

"ఇంక నన్ను ఇంటికి పంపించెయ్ సుబ్రమణీ" అన్నాడు.

సుబ్రమణి తువ్వాలు తీసుకుని మొహం అటు తిప్పుకున్నాడు. కళ్లు తుడుచుకుంటూ ఏదో అన్నాడు. భుజాలు కదిలాయి, పెదాలు కనపడలేదు. ఇంకో రోజయితే దాసప్ప "ఆఁ, సరేలే" అని తల ఊపేసేవాడు.

"ఏమంటివప్పా? నాకు వినపడలేదు. ఇటు తిరిగి చెప్పు."

ఈ రెండేళ్లలో అతను ఎవరినీ ఆ మాట అడగలేదు.

సుబ్రమణి తిరిగాడు. దగ్గరికి జరిగి, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు.

"మిషన్ కాడికి నువ్వు రావద్దు. చిత్రిక పని మటుకు నీదే, దాన్ని ఇంకొకరికి ఇయ్యను. రేపు వాకిలి నిలబెట్టినాక మనిద్దరమూ హోసూరుకు పోయి చెవి డాక్టరుకు చూపిద్దాము అన్నాను. వినపడిందా?"

"పడింది" అన్నాడు దాసప్ప.