తలకిందుల శాసనం

వచ్చే నెల నుంచి కార్డు లేని గైడుకు ఖిలా వరంగల్‌లో చోటు లేదు. ఆ కార్డు ఎవరికివ్వాలో తేల్చడానికి హైదరాబాదు నుంచి పురావస్తు శాఖ అధికారి రాజేశ్వర్ రావు దిగాడు. ఇరవై ఆరేళ్లుగా కోట చూడవచ్చినవాళ్లను తిప్పుతున్న ఎల్లస్వామి బడి గడప తొక్కినవాడు కాదు. ఆ సంగతి భార్య మొగిలమ్మకు తప్ప కోటలో ఎవరికీ తెలియదు. దరఖాస్తు కూడా ఆమే ఎవరితోనో రాయించుకొచ్చింది.

ఆ పూట ఎల్లస్వామికి మాట బాగా కలిసొచ్చింది. తోరణాల మీది హంసలు, ఏకశిల గుట్ట, ఖుష్ మహల్, ఒక్కచోటా తడబడలేదు. రాజేశ్వర్ రావు "చాలు పెద్దాయనా, బాగా చెప్పావు" అని సంచిలోంచి కార్డు తీసి, పేరు రాయడానికి పెన్ను మూత కూడా విప్పాడు.

అక్కడ నోరు మూసుకుంటే పనైపోయేది. మెప్పు రుచి చూసిన మనిషి ఆగుతాడా?

"జర ఆగుండ్రి సార్. అసలుది సూపెట్టనే లేదు" అన్నాడు.

కోటగోడలో ఒక శాసనం రాయి ఉంది. వచ్చినవాళ్లెవరికీ అర్థంకాని పాత అక్షరాలు. ఎల్లస్వామి వాటి కింద వేలు పెట్టి, వరుస తప్పకుండా చదువుతాడు. గోడ కట్టే కూలీల ఆకలి చూడలేక రాణి చేతి కడియాలు తీసిచ్చిన కథ. తండ్రి దగ్గర విన్నదే. అది విని కళ్లు తుడుచుకున్నవాళ్లు ఎందరో. తనకు నిజంగానే చదువొచ్చని ఒక్కోసారి ఆయనే నమ్మేవాడు.

రాజేశ్వర్ రావు మొదట చిన్నగా నవ్వాడు. తరువాత పొట్ట పట్టుకున్నాడు.

"ఈ రాయిని తలకిందులుగా పెట్టి గోడ కట్టేశారు పెద్దాయనా. అక్షరాలన్నీ తల్లకిందులై ఉన్నాయి."

ఎల్లస్వామికి సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది. "నాకు సదువు రాదు సార్. కథలైతే అన్నీ నోటికొస్తయి. కార్డు లేకుంటే ఎట్ల బతకాలె?"

"ఇంకోసారి చదువు. ఫోన్లో తీసుకుంటాను. మావాళ్లు చెబితే నమ్మరు."

"సదివితే కార్డిస్తరా సార్?"

"ముందు చదువు."

చదివాడు. అబద్ధమని ఇద్దరికీ తెలిసినదాన్ని, అదే వేలితో, మొదటి నుంచీ చదివాడు. కడియాల దగ్గర గొంతు తగ్గిస్తే "గట్టిగా" అన్నాడా పెద్దమనిషి. గట్టిగా చదివాడు.

రాజేశ్వర్ రావు నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఫోను జేబులోకీ, కార్డు సంచిలోకీ పోయాయి. "చదువు రానివాడికి ఎలా ఇస్తానయ్యా?" అంటూ కారెక్కాడు. అంత చదివినవాడికి ఆ ముక్క ముందే చెప్పడం చేతకాలేదు.

తోరణం దగ్గర మక్కకంకులు కాల్చే మొగిలమ్మకు దూరం నుంచి ఆ నవ్వొక్కటే వినబడింది. మొగుడు వచ్చేసరికి లేత కంకి ఏరి, ఉప్పూకారం రాసి చేతిలో పెట్టింది.

"సారును గంతగనం నవ్విచ్చినవ్. కార్డు ఇచ్చిండని నాకు అప్పుడే సమజైంది" అని, చేతులు కొంగుకు తుడుచుకుని ముందుకు చాపింది. "ఏది, జర సూడనియ్యి."