బతికున్నవాడి సమాధి రాయి

మా తమ్ముడు సోసిస్‌కి సమాధి రాయి పాతారు. వాడు బతికే ఉన్నాడు. నేను వండిన చిక్కుడు గింజలు తిని, మా ఇంట్లోనే పడుకుంటున్నాడు.

ఇది పైథాగరస్ శిష్యుల నిర్వాకం. ఆ గురువు పోయి ఏళ్ళు గడిచినా మా క్రోటన్ పట్నంలో ఆయన మాటే చెల్లుతుంది. ఏమడిగినా "ఆయన చెప్పాడు" అంటారు, ఇంక ఎదురు మాట ఉండదు. చిక్కుడు ముట్టకూడదు, ఆయన చెప్పాడు. కొత్తగా చేరినవాడు ఐదేళ్ళు నోరు విప్పకూడదు, ఆయన చెప్పాడు. మధ్యలో నియమం తప్పినవాడు చచ్చినవాడికింద లెక్క. వాడి పేరున రాయి పాతేసి, దారిలో ఎదురైనా చూడనట్టే పోతారు. చిక్కుడు పండించుకు బతికే మా ఇంట్లోంచి వీడు పోయి వాళ్ళలో చేరాడు. నా ఖర్మ.

ఇంకో మూడు నెలలకు మౌనం తీరుతుందనగా మా నాన్న దామోన్ మంచాన పడ్డాడు. ఆయనకు చూపు అంతకుముందే పోయింది. కబురు పెడితే సోసిస్ వచ్చాడు, వెంట కాపలాగా లైకోన్ అనే పెద్ద శిష్యుడు. అడుగుల చప్పుడు విని నాన్న, "సోసిస్, వచ్చావురా?" అన్నాడు. వీడు పళ్ళు బిగబట్టి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. పొలం పని మానేశాక వీడి చెయ్యి మెత్తబడిపోయింది. ఎవరో వైద్యుడనుకున్నాడు నాన్న. వాడే నాన్నా అని నేను మొత్తుకున్నాను.

"నా తృప్తి కోసం అబద్ధాలాడకే," అని కళ్ళు మూశాడు.

అప్పుడు అరిచాడు వీడు. లైకోన్ లేచి వెళ్ళిపోయాడు. వారంలో రాయి లేచింది.

నాకు అంతకన్నా ఒళ్ళు మండిన సంగతి ఇంకొకటుంది. వీడు రోజూ పోయి ఆ రాయి పక్కన కూర్చునేవాడు. ఇంట్లో మాటా పలుకూ లేదు. నిజంగానే చచ్చానని నమ్మేశాడు. ఓ ఉదయం గునపం, ఉలి, సుత్తి గాడిద మీద వేసుకుని నేనూ వీడి వెంట వెళ్ళాను. అదే సమయానికి లైకోన్ ఆ దారిన వచ్చాడు.

"వీడెవరో చెప్పి కదులు," అన్నాను.

"నీ తమ్ముడు పోయాడమ్మా. నీ పక్కన నాకెవరూ కనబడటం లేదు."

"దెబ్బ తిన్న కుక్క అరుపులో చచ్చి మళ్ళీ పుట్టిన స్నేహితుడి గొంతు గుర్తుపట్టాడటగా మీ గురువు. మరి కన్నతండ్రి పిలిస్తే పలకొద్దని కూడా ఆయనే చెప్పాడా?"

"అది వేరమ్మా," అన్నాడు లైకోన్, వీడి మీదుగా సముద్రం కేసి చూస్తూ. తర్వాత తన దారిన తను పోయాడు.

సోసిస్ ఆ వీపునే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత రాయి వైపు తిరిగాడు. మా ఆచారం ప్రకారం దాని మీద పైన కొడుకు పేరు, కింద తండ్రి పేరు చెక్కి ఉన్నాయి. నాన్న గోరీకి రాయి పెట్టే స్తోమత మాకు లేదు, మట్టికుండ ఒకటి బోర్లించి ఊరుకున్నాం. వాడు నా చేతిలోంచి ఉలి లాక్కున్నాడు. పై పేరు మొత్తం చెరిపేసి, దామోన్ అన్నది మాత్రం ఉంచాడు. చేతులు బొబ్బలెక్కి నెత్తురు కారినా నేను అడ్డం పడలేదు. కారనీ అనుకున్నాను.

రాయిని పెకలించి, గాడిద మీద వేసుకుపోయి నాన్న తల దగ్గర పాతాం. వాడు దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"వచ్చాను నాన్నా," అన్నాడు, మెల్లిగా.

నా కోపం తీరలేదు.

"ఇంకా గట్టిగా చెప్పరా," అన్నాను.